అత్త విప్పిన కట్టు

మా మేనత్త పోయింది. కబురు నాకు పోతిరెడ్డిపల్లిలో, కంపెనీ బస్సు కోసం నిలబడే చోట అందింది. మొదటి షిఫ్టు ఆడవాళ్లం టిఫిన్ సంచులు భుజాలకు తగిలించుకుని నిలబడి ఉన్నాం. ఫోన్‌లో బావ, అంటే అత్త కొడుకు.

"అమ్మ ఇగ లేదు. పొద్దుగాల చాయ్ వెట్టి లేపవోతే లేవలే. గుండె ఆగిందంటున్నరు. జెర జల్దీ రా," అన్నాడు.

బస్సు వచ్చింది, అందరూ ఎక్కారు, నేను కిందే ఉండిపోయాను. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయాడు. ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డానని కాసేపటికి గాని నాకు తెలియలేదు. తెలియగానే వదిలేశాను. నేను ఊపిరి బిగబడితే అత్త ఊరుకునేది కాదు.

ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. తను ఉంటే రాయనిచ్చేది కాదు. పొగడ్త అంటే ఆమెకు చిరాకు. ఎవరైనా వంట బాగుందంటే "ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా, అది జెప్పు" అని కసురుకునేది. కాబట్టి పొగడను. చూసింది చూసినట్టు చెబుతాను.

అత్తది జోగిపేట దగ్గర పల్లె. పెళ్లయ్యాక మామకు పటాన్‌చెరులో కంపెనీ పని దొరికితే ఇద్దరూ ఇటు వచ్చేశారు. తరువాత తనూ ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంటకు చేరింది. మనిషి పొట్టి. అన్నం వండే పెద్ద గిన్నె, గంజు, ఆమె నడుము దాకా వచ్చేది. ఆ గంజును ఇంకొకరితో కలిసి పొయ్యి మీద నుంచి దింపేటప్పుడు అత్త ముఖం ఎర్రబడేది, మెడ నరాలు పొంగేవి, దించాక "అమ్మా" అని ఒక్క క్షణం కడుపు పట్టుకునేది. అలవాటు అనుకున్నాం. పప్పు రుచి అరచేతిలో వేసుకుని చూసేది, చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేది, బస్సులో కిటికీ పక్కన తప్ప కూర్చునేది కాదు. ఆ కడుపు పట్టుకోవడాన్ని కూడా వీటితో పాటే లెక్కేశాం.

క్యాంటీన్ వంట ఆమెకు బతుకుదెరువు. పేరు తెచ్చింది మాత్రం కట్టు. మా వైపు బాలింతకు నడుం కట్టు కడతారు. పాత నూలు చీరను పొడుగ్గా మడిచి, పక్కటెముకల కింద నుంచి తుంటి దాకా చుట్టి బిగిస్తారు. కడుపు మళ్లీ లోపలికి పోవాలని, నడుము నిలవాలని. మా చుట్టాల్లో ఎవరు కన్నా ఆ పని అత్తదే. వాము పొగ వేసిన గదిలో బాలింతను గోడకు ఆనించి నిలబెట్టి, తన మోకాలు గోడకు తన్ని పెట్టి గుంజేది. ముడి వేశాక రెండు వేళ్లు దూర్చి చూసుకునేది. వేళ్లు దూరితే మళ్లీ విప్పి బిగించేది.

"నా కట్టు వడ్డ కడుపు జారది," అనేది. గొప్పకు అన్నది కాదు, అందరూ నమ్మారు కాబట్టి తనూ నమ్మింది.

ఎవరికైనా బొడ్డు పొంగితే దానికీ ఆమె దగ్గర మందు ఉండేది. ఇప్పుడు చెల్లని పాతకాలపు పెద్ద రూపాయి బిళ్ళలు కొన్ని పోపుల డబ్బాలో దాచి ఉంచేది. ఉబ్బును అరచేత్తో లోపలికి నొక్కి, గుడ్డలో చుట్టిన బిళ్ళను దాని మీద పెట్టి, పైన కట్టు బిగించేది. పసిపిల్లలకూ అదే, పెద్దవాళ్లకూ అదే. మా ఇళ్లలో తరతరాలుగా చేస్తున్నదే, కాకపోతే అత్త కొంచెం గట్టిగా చేసేది.

నాకూ కట్టింది. రెండో కాన్పు ఆపరేషన్ అయింది. కుట్లు మానాక నా నడుముకు చీర చుట్టింది. కొంతకాలానికి దగ్గినప్పుడు బొడ్డు పక్కన ఉసిరికాయంత ఉబ్బు లేవడం చూశాను. పడుకుంటే పోయేది, లేస్తే వచ్చేది. అత్త వచ్చి నొక్కి చూసి, "లోపటికి వోతున్నది, ఏం గాదు బిడ్డా," అని బిళ్ళ పెట్టి కట్టింది. ఆ కట్టుతోనే డ్యూటీలో చేరాను. నేను చేసేది మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో. డబ్బాలు నింపిన అట్టపెట్టెలు ఎత్తి బల్ల మీద పెట్టాలి. కట్టు ఉందన్న ధైర్యంతో అందరికన్నా ఎక్కువే ఎత్తేదాన్ని. ఊపిరి బిగబట్టి, పళ్లు బిగించి ఎత్తేదాన్ని.

ఒకరోజు పెట్టె ఎత్తి పెట్టాక బిళ్ళ కింద ఏదో మెలి పడినట్టు నొప్పి వచ్చింది. బాత్‌రూంలోకి వెళ్లి కట్టు విప్పితే ఉబ్బు గట్టిపడి ఉంది. నొక్కితే లోపలికి పోవడం లేదు. వాంతులు మొదలయ్యాయి. తోటివాళ్లు ఆటోలో వేసుకుని సంగారెడ్డిలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. పేగు ఇరుక్కుపోయిందన్నారు, వెంటనే కోశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పేగు కుళ్లేదని తరువాత చెప్పారు. కళ్లు తెరిచేసరికి అత్త మంచం పక్కన స్టూలు మీద ఉంది. చేతిలో నా పాత కట్టు ఉంది, ఎవరో మడిచి ఆమె చేతికిచ్చారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రెండో రోజు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ఇటువైపు పిల్లే, మాట వినగానే తెలిసింది. మంచం మీద నుంచి ఎలా లేవాలో చెప్పింది. వెల్లకిలా ఉన్నదాన్ని ఒక్కసారిగా లేవకూడదు, పక్కకు ఒత్తిగిల్లి, చెయ్యి ఆనించి లేవాలి. దగ్గు వస్తే కడుపు మీద దిండు అదిమి పట్టుకోవాలి. కొన్నాళ్లు పోయి డాక్టర్ సరే అన్నాక ఒక చిన్న కసరత్తు మొదలుపెట్టాలి. మోకాళ్లు మడిచి పడుకుని, బొడ్డు కింద చెయ్యి పెట్టుకుని, నోటితో మెల్లగా ఊపిరి వదులుతూ పొట్టను లోపలికి తీసుకోవాలి. అంతా అయ్యాక అత్త అడిగింది.

"మేడం, కట్టు మంచిదా కాదా?"

ఆ అమ్మాయి అత్త ఒళ్లోని గుడ్డ చూసింది. అర్థమైనట్టుంది. మెల్లగా చెప్పింది. "ఆసరకు కొన్ని దినాలు మంచిదే అమ్మా. మరీ గట్టిగ బిగిస్తె లోపటి ఒత్తిడంత కిందికి వోతది. ఎప్పటికి కట్టుకోనే ఉంటె కడుపు కండలు పని మర్శిపోతయి. కట్టే మోస్తున్నది గద, ఇగ అవెందుకు మోస్తయి?"

"మరి బిళ్ళ?"

"కడుపు గోడకు వడ్డ బొక్కను బిళ్ళ మూయది. ఉబ్బు కనవడకుంట దాస్తది. గట్టివడ్డా తెల్వది."

"కసరత్‌తోని మూస్తదా?"

"దాంతోని గూడ మూయది. బొక్క వడ్డంక ఆపరేషనే. అది జేపిచ్చుకున్నంక కసరత్ జేస్తె సుట్టున్న గోడ గట్టిగైతది. ముందునుంచి జేస్తె ఇంక మంచిది."

అత్త తల ఊపింది. ఆ రోజు అన్నం తినలేదు. ఎన్ని కడుపులకు బిళ్ళ కట్టిందో మనసులో ఒక్కొక్కరినే తలుచుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆమెకున్న పేరంతా ఆ చేతులది. ఇప్పుడు ఆ చేతులనే అనుమానించాల్సి వచ్చింది.

నేను ఇంటికి వచ్చాక చూడడానికి అందరూ వచ్చారు. జోగిపేట నుంచి చిన్నత్త కూడా వచ్చింది. చిన్నత్త అంటే అత్త యారాలు, మా మామ తమ్ముని భార్య. ఊళ్లో ఉంటుంది, తమ పొలం పని చేసుకుంటూ కూలికీ పోతుంది. బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు తెచ్చింది. అత్త కింద కూర్చుని నాకోసం బత్తాయి ఒలుస్తోంది. ఒలుస్తూనే తల ఎత్తకుండా చిన్నత్తతో అంది.

"నీ కట్టు ఇప్పు."

చిన్నత్త తెల్లబోయింది. "ఎందుకక్కా? నా ఉబ్బుకు బిళ్ళ వెట్టి నువ్వు గట్టిందే గద."

"నేను గట్టిందే. తప్పు గట్టిన. దీనికి ఏమైందో సూస్తున్నవ్ గద. ఇప్పి డాక్టర్‌కు సూపియ్యి."

"నాకేం గాలే. ఇన్నేండ్ల సంది మంచిగనే ఉన్న. పత్తి ఏరుతున్న, మూటలు లేపుతున్న. నీ చెయ్యి మంచిదక్కా," అంది చిన్నత్త. తరువాత కొంచెం కోపంగా, "ఆపరేషన్ జేపిచ్చుకోని మంచంల వడుకుంటె నా పని ఎవరు జేస్తరు? మల్ల నన్ను ఎవలు కూలికి విలుస్తరు?" అని కూడా అంది.

అత్త బత్తాయి తొనలు నా పళ్లెంలో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. వెళ్లి తలుపు వేసి వచ్చింది. మా ఇద్దరి ముందు నిలబడి కొంగు పక్కకు తీసింది.

ఆమె నడుముకు కట్టు ఉంది.

అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మామకు తెలుసో లేదో అడగడానికి మామ అప్పటికే లేడు. అత్త ముడి విప్పి, చుట్లు ఒక్కొక్కటే తీసింది. ఆఖరి చుట్టు విప్పాక బిళ్ళ దాని గుడ్డలోంచి జారి కింద పడి, దొర్లుకుంటూ పోయి నా మంచం కింద ఆగింది. బిళ్ళ ఉన్న చోట చర్మం నల్లగా కమిలి గుండ్రటి అచ్చు పడింది. దాని మధ్యలో నిమ్మకాయంత ఉబ్బు ఉంది.

"మీ బావ పుట్టినప్పటి సంది ఉన్నది," అంది నాతో. తరువాత చిన్నత్త వైపు తిరిగింది. "నా చెయ్యి మంచిదైతే ఇది గిట్లెందుకుంటది? నాకే నయం గాలే. బయటికి జెప్తె నా కట్టును ఎవలు నమ్ముతరని దాసుకున్న. కట్టు మంచిదే, నా కడుపే మంచిది గాదనుకున్న ఇన్నేండ్లు."

చిన్నత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కుట్లు లాగితే దిండు అదిమి పట్టుకుని ఏడ్చాను. అత్త ఏడవలేదు. కట్టు గుడ్డను మడత పెడుతూ అంది. "నేను ముందుగాల పోత. నేను మంచిగ లేసొస్తె నువ్వు రా."

మీకు తెలియని సంగతి ఏమిటంటే అత్తకు సూది అంటేనే భయం. జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి పంపడానికి ఇంటిల్లిపాదీ వెనకాల పడాల్సి వచ్చేది. కత్తి మాట ఎత్తితే దేవుళ్లందరినీ పిలిచేది. అలాంటి మనిషి నేను కోలుకోగానే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ఆపరేషన్‌కు ఒప్పుకుంది. లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. అరచేయి చెమటతో తడిసి ఉంది.

"బిడ్డా, నేను లేవకపోతె ఆపరేషన్‌ల పోయిందని మీ చిన్నత్తకు జెప్పకు. జరమొచ్చి పోయిందను. లేకుంటె అది రాదు."

నా జీవితంలో ఎవరూ నాకు అంత పెద్ద మాట చెప్పలేదు, ఇక చెప్పరు కూడా. ఆ సమయంలో ఆమెకు చావంటే ఎంత భయమో నా చేతికి తెలుస్తోంది. ఆ భయంలోనూ వెనక రావలసిన మనిషి గురించే చూసుకుంది. సరే అన్నాను. ఆమె లోపలికి వెళ్లాక గోడకు ఆనుకుని ఆ అబద్ధం ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

చెప్పాల్సిన అవసరం రాలేదు. అత్త లేచింది. మత్తు దిగగానే మొదట అడిగింది చాయ్. రెండోది, "నీ చిన్నత్తకు ఫోన్ జెయ్యి, నేనే మాట్లాడుత." పత్తి పని అయిపోయాక చిన్నత్త కూడా వచ్చి ఆపరేషన్ చేయించుకుంది. పక్కన అత్తే ఉంది.

తరువాత మొదలైంది అసలు పని. అదే ఫిజియోథెరపీ అమ్మాయి అత్తకూ కసరత్తు నేర్పింది. అత్త దాన్ని తన భాషలోకి మార్చుకుంది. పొట్టను ఎంత లోపలికి తీసుకోవాలో ఎవరికైనా చెప్పాలంటే, "లంగ నాడ ముడి జారకుంట బిగిస్తం సూడు, గంతే బిగువు. ఊపిరాడకుంట బిగించకు," అనేది. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా తీసుకుని, ఎత్తే క్షణంలోనే ఊపిరి వదలాలి. వదిలేటప్పుడు "హూఁ" అని చప్పుడు చేయమనేది. చప్పుడు చేస్తే బిగబట్టడం కుదరదని ఆమె లెక్క. ఆ చప్పుడు ఏ డాక్టరూ చెప్పలేదు, అత్త సొంతం.

మళ్లీ పనిలో చేరాక క్యాంటీన్‌లో గంజు ఒక్కసారీ ఇద్దరితో దింపనివ్వలేదు, నలుగురిని పిలిచేది. నలుగురూ కలిసి "హూఁ" అనాల్సిందే. మొదట్లో మగవాళ్లు తలుపు దగ్గర నిలబడి నవ్వేవారు. బయట డ్రమ్ములు దింపే బిహారీ పిల్లలు అన్నానికి వస్తే వాళ్లనూ వదిలేది కాదు. "సాఁస్ ఛోడ్ కే ఉఠావ్ బేటా," అని, ఊపిరి వదిలి ఎత్తమని పప్పు గరిటె పట్టుకునే చూపించేది. గజ్జల దగ్గర ఉబ్బు ఉందని సిగ్గుతో దాచుకున్న ఒకతను ఆమె చెప్పాకే డాక్టర్ దగ్గరికి వెళ్లాడని నాకు తరువాత తెలిసింది.

ఆదివారాలు మాత్రం ఇంకో పని ఉండేది. తను కట్టు కట్టిన ఇళ్లన్నిటికీ తిరిగింది. కొన్నిసార్లు నేనూ వెంట వెళ్లాను. ఎదురుగా కూర్చుని నీళ్లు తాగి, "మీ బిడ్డకు నేను బిళ్ళ గట్టిన. అది తప్పు. ఇప్పుండ్రి. ఉబ్బుంటె డాక్టర్‌కు సూపియ్యుండ్రి. నొప్పి లేసినా, గట్టివడ్డా, వాంతులైనా ఆగకుండ్రి," అని చెప్పేది. కొందరు సరే అన్నారు. కొందరు నవ్వారు. ఒక ముసలామె మాత్రం గట్టిగానే అడిగింది. "అప్పుడు పదిమందిల గొప్పగ గడితివి. ఇప్పుడు తప్పంటవు. నిన్ను నమ్మినోళ్లమేం గావాలె?"

అత్త ముఖం చిన్నబోయింది. అయినా లేచి రాలేదు. "అందుకే గదమ్మా వచ్చిన," అంది. తిరిగి వస్తుంటే బస్సులో కిటికీ పక్కన కూర్చుని అత్త బయటికే చూస్తూ ఉంది.

కాన్పు ఇళ్లవాళ్లు మాత్రం ఆమెను పిలవడం మానలేదు. తను వెళ్లడం మానలేదు. మెత్తటి చీరతో వదులుగా చుట్టేది. ఇప్పుడు వేళ్లు దూరితేనే ముడి వేసేది. కొన్నాళ్లకు తనే వెళ్లి విప్పి, బాలింతను పడుకోబెట్టి, డాక్టర్ ఏమన్నారో అడిగి, ఆ మెల్లటి ఊపిరి నేర్పి వచ్చేది. పోపుల డబ్బాలోని బిళ్ళలు పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేసింది. తన నడుము మీద ఉన్న ఒక్కదాన్ని మాత్రం గ్యాస్ పొయ్యి కాలు కింద పెట్టింది, ఆ పొయ్యి ఎప్పుడూ ఊగేది.

నా ఉద్యోగం నిలబడింది. ఇప్పటికీ పెట్టెలు ఎత్తుతున్నాను, చిన్నవే, మెల్లగానే. ఆపరేషన్ నాటికి పాలు తాగే నా కూతురు ఇప్పుడు బడికి పోతోంది. దాన్ని ఎత్తుకున్న ప్రతిసారీ "హూఁ" అన్నాను కాబట్టి అది ఆ చప్పుడే ఒక ముద్దుమాట అనుకుని పెరిగింది.

ఆ ఉదయం నేను పటాన్‌చెరు చేరేసరికి అత్తను ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. జోగిపేటకు ఫోన్ చేసింది నేనే. చిన్నత్త "ఏమైంది?" అని అడిగితే ఉన్నదే చెప్పాను. ఎప్పుడో తలలో కూర్చుకున్న ఆ జ్వరం అబద్ధం నాలుక మీదికి వచ్చి పోయింది. చిన్నత్త మొదటి బస్సుకే వచ్చి అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

స్నానానికి అన్నీ సర్దుతున్నారు. నూనె, పసుపు పళ్లెంలో పెట్టాక నుదుట పెట్టడానికి రూపాయి బిళ్ళ కావాలన్నారు. ఎవరో అమ్మాయి అటూ ఇటూ చూసి పొయ్యి కింది బిళ్ళ తీయబోయింది. చిన్నత్త ఏడుపు ఆపి తల ఎత్తింది. "దాన్ని తియ్యకు. అక్క దాన్ని గీడ వెట్టింది, గీడనే ఉండనియ్యి," అని తన కొంగుముడి విప్పి వేరే బిళ్ళ ఇచ్చింది.

వాకిట్లో చీరలు అడ్డం కట్టి చెక్క బల్ల వేశారు. అత్తను దాని మీదికి చేర్చాలి. మగవాళ్లను బయటికి పంపి ఆడవాళ్లమే పట్టాం. తల దగ్గర చిన్నత్త, నడుము దగ్గర నేను, కాళ్ల వైపు క్యాంటీన్‌లో ఆమెతో పని చేసిన ఇద్దరు. మేము ఏడుస్తున్నాం, కళ్లు సరిగా కనబడడం లేదు. ఎవరో పెద్దావిడ "ఊఁ, లేపుండ్రి," అంది.

మోకాళ్లు వంచాం. ఆమెను ఒంటికి దగ్గరగా తీసుకున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎత్తే క్షణంలో నలుగురం ఒక్కసారే "హూఁ" అన్నాం.

చిన్నత్త నా వైపు చూసింది. మా ఊపిరికి అత్త నుదుటి మీది తెల్ల వెంట్రుకలు కొద్దిగా కదిలి, మళ్లీ మెల్లగా సర్దుకున్నాయి.